హైపర్‌బేరిక్ ఆక్సిజన్ చికిత్స: ఛాంబర్‌లో పడుకునే ముందు రోగులు అడిగే ప్రశ్నలు

ఆరు నెలలుగా కాలి పుండు మానని షుగర్ పేషెంటు ఒకరు. క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకున్న ఏళ్ల తర్వాత దవడ ఎముక బయటపడ్డ పెద్దాయన ఇంకొకరు. పొద్దున లేచేసరికి ఒక చెవి వినిపించకుండా పోయిన ఉద్యోగి మరొకరు. ముగ్గురి జబ్బులూ వేరు, కానీ ముగ్గురి చేతిలోనూ ఒకే చీటీ ఉండొచ్చు: ‘హెచ్‌బీఓటీ’ (హైపర్‌బేరిక్ ఆక్సిజన్ థెరపీ), పక్కన సెషన్ల సంఖ్య. ఆ చీటీతో ఇంటికొచ్చి ఫోన్‌లో వెతికితే మోకాళ్ల నొప్పుల నుంచి ముసలితనం దాకా అన్నిటికీ ఇదే మందు అన్నట్టు కనిపిస్తుంది. అలా కాదు. కొన్ని జబ్బులకు ఇది గట్టి చికిత్స, కొన్నిటికి తోడు చికిత్స, చాలావాటికి ఏ ఉపయోగమూ లేదు. మీది వీటిలో ఎక్కడుందో తెలిస్తే డబ్బూ, టైమూ, టెన్షనూ మిగులుతాయి.

అసలు ఏమిటిది? ఆసుపత్రిలో పెట్టే ఆక్సిజన్ మాస్క్‌కీ దీనికీ తేడా ఏంటి?

మాస్క్ పెడితే మీరు పీల్చే గాలిలో ఆక్సిజన్ శాతం పెరుగుతుంది. గాలి ఒత్తిడి మాత్రం మన చుట్టూ ఉన్నదే. ఛాంబర్ అంటే లోపల ఒత్తిడి పెంచగలిగే మూసిన గొట్టమో గదో. అందులో రెండూ పెరుగుతాయి. దాదాపు వంద శాతం ఆక్సిజన్‌ని, మామూలు వాతావరణ పీడనానికి 2 నుంచి 2.5 రెట్ల ఒత్తిడిలో పీలుస్తారు. అత్యవసర పరిస్థితుల్లో 3 రెట్ల దాకా వెళ్తారు.

ఒత్తిడి ఎందుకంటే, గోళీ సోడా గుర్తు తెచ్చుకోండి. నీళ్లలోకి గ్యాస్ ఊరికే దిగదు. ఒత్తిడి పెట్టి నింపితే దిగుతుంది, గోళీ కొట్టగానే బుస్సున బయటికొస్తుంది. మన రక్తంలో ఆక్సిజన్‌ని మోసేది ముఖ్యంగా ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అది ముందే 97, 98 శాతం నిండి ఉంటుంది, ఇంకా నింపడానికి ఖాళీ ఉండదు. రక్తంలోని నీటి భాగమైన ప్లాస్మాలో కరిగే ఆక్సిజన్ మాత్రం చాలా తక్కువ. మామూలు గాలి పీలుస్తున్నప్పుడు 100 మిల్లీలీటర్లకు 0.3 మిల్లీలీటరు. అదే మూడు రెట్ల ఒత్తిడిలో స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలిస్తే ఇది 6 మిల్లీలీటర్ల దాకా పెరుగుతుంది. విశ్రాంతిగా ఉన్న శరీరానికి దాదాపు అంతే కావాలి.

1960లో ఆమ్‌స్టర్‌డామ్‌లో బూరెమా అనే సర్జన్ దీన్ని పందుల మీద చూపించాడు. రక్తం తీసేసి ఎర్రకణాలు దాదాపు లేని ద్రవం ఎక్కించి, మూడు రెట్ల ఒత్తిడిలో ఆక్సిజన్ ఇస్తే అవి బతికే ఉన్నాయి. ఎర్రకణాలు సరిగా చేరలేని సన్న రక్తనాళాల అవతలికి కూడా ప్లాస్మా ఇంకుతుంది, దాంతోపాటే ఆక్సిజనూ వెళ్తుంది. చికిత్స బలమంతా అక్కడే ఉంది.

అయితే ఏ జబ్బులకు నిజంగా పనిచేస్తుంది?

అమెరికాలో ఉన్న అండర్‌సీ అండ్ హైపర్‌బేరిక్ మెడికల్ సొసైటీ దీనికి ఒక జాబితా నిర్వహిస్తుంది. దాన్ని ఇక్కడ అక్షరాలా దించడం కన్నా మీకు ఉపయోగపడేలా విడగొట్టి చెబుతాను.

గంటల్లో మొదలుపెట్టాల్సినవి: సముద్రంలో డైవింగ్ చేసి పైకొచ్చాక వచ్చే డీకంప్రెషన్ జబ్బు, రక్తనాళాల్లోకి గాలి బుడగ వెళ్లడం, తీవ్రమైన కార్బన్ మోనాక్సైడ్ విషప్రభావం, గ్యాస్ గ్యాంగ్రీన్, కండ కుళ్లిపోతూ గంటగంటకూ పాకే ఇన్‌ఫెక్షన్లు, యాక్సిడెంట్‌లో నలిగిపోయిన కాళ్లూ చేతులూ. కంటి రెటీనాకు రక్తం తెచ్చే ముఖ్య ధమని మూసుకుపోయి ఉన్నట్టుండి, నొప్పి లేకుండా ఒక కన్ను చూపు పోవడం కూడా ఇందులోదే. ఇరవై నాలుగు గంటలు దాటితే పెద్దగా ఆశ ఉండదు.

రోజుల్లో మొదలుపెట్టాల్సినది: కారణం తెలియకుండా అకస్మాత్తుగా వచ్చే చెవుడు. మనవాళ్లు దీన్ని జలుబు అనుకుంటారు, గుబిలి అనుకుంటారు, కొబ్బరి నూనె చుక్కలు వేస్తారు, రెండు వారాలు గడిచాక ఈఎన్‌టీ దగ్గరికి వస్తారు. స్టెరాయిడ్‌తో పాటు రెండు వారాల లోపు ఛాంబర్ మొదలైతేనే ప్రయోజనం ఎక్కువ. ఒక చెవి ఉన్నట్టుండి మొద్దుబారితే ఆ రోజే ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించండి.

వారాల తరబడి సాగేవి: ఎముక దాకా దిగిన షుగర్ పుండ్లు, మందులకు లొంగని ఎముక ఇన్‌ఫెక్షన్, రేడియేషన్ వల్ల ఏళ్ల తర్వాత వచ్చే నష్టం, రక్తం సరిగా అందక నల్లబడుతున్న చర్మపు అతుకులు. ఇక్కడ ‘అతుకు’ అంటే ఒంట్లో వేరే చోటి నుంచి తెచ్చి సర్జన్ అతికించిన చర్మమో కండో (గ్రాఫ్ట్ లేదా ఫ్లాప్). మామూలు గాయాన్ని త్వరగా మాన్పడానికి ఇది వాడరు.

మా నాన్నకు షుగర్ పుండు. కాలు తీసేయాలన్నారు. ఛాంబర్‌తో కాలు దక్కుతుందా?

ఎక్కువమంది అడిగేది ఇదే. ఒక్క ముక్కలో తేలే విషయం కాదు కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

పుండు మానకపోవడానికి ఒక కారణం ఉండదు. నరాలు మొద్దుబారి ఉంటాయి, గుచ్చుకున్నా తెలియదు. ఎండాకాలం గుడి బండల మీద చెప్పుల్లేకుండా ప్రదక్షిణ చేసి అరికాళ్లు బొబ్బలెక్కాక సాయంత్రం ఇంట్లోవాళ్లు చూస్తే గానీ తెలియని వాళ్లున్నారు. దానికి తోడు కాలి ధమనులు మూసుకుపోతాయి. ఇన్‌ఫెక్షన్ లోపలికి పాకుతుంది. మానని పుండు మీదే రోజూ నడుస్తుంటారు. వీటిలో ఛాంబర్ సాయం చేసేది ఒకదానికే, కణజాలంలో ఆక్సిజన్ కొరతకి. ఆక్సిజన్ బాగా అందితే తెల్ల రక్తకణాలు సూక్ష్మక్రిములను చంపగలుగుతాయి, వాపు తగ్గుతుంది, కొన్ని సెషన్లు గడిచాక పుండు చుట్టూ కొత్త సన్న రక్తనాళాలు పుట్టడం మొదలవుతుంది. మొదటి వారంలో పైకి ఏమీ కనిపించకపోవడం మామూలే.

అధ్యయనాలు ఒక్క మాట మీద లేవు. 2010లో స్వీడన్‌లో 94 మంది మీద జరిగిన అధ్యయనంలో ఏడాదికల్లా పుండు పూర్తిగా మానినవాళ్లు ఛాంబర్‌లో ఆక్సిజన్ తీసుకున్నవారిలో 52 శాతం, ఛాంబర్‌లో ఒట్టి గాలి తీసుకున్నవారిలో 29 శాతం. తర్వాత 2016లో కెనడా నుంచి, 2018లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన అధ్యయనాల్లో అంత తేడా తేలలేదు. నెదర్లాండ్స్‌లో మూడో వంతు మంది అనుకున్నన్ని సెషన్లు పూర్తే చేయలేకపోయారు. కాళ్లు సరిగాలేని పెద్దవయసు మనిషిని వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు తిప్పడం ఎంత కష్టమో ఇంట్లో చేసినవాళ్లకు తెలుసు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కాలి ధమనుల డాప్లర్ (రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్) చేయకుండా, రక్తనాళాల (వాస్క్యులర్) సర్జన్‌కి చూపించకుండా, కుళ్లిన కండ తీయకుండా, పుండు మీద బరువు పడకుండా ప్రత్యేక చెప్పులో కట్టో ఇవ్వకుండా, నేరుగా ‘40 సెషన్లు’ రాసే చోటు నుంచి బయటికి రండి. మూసుకుపోయిన ధమనిని ఛాంబర్ తెరవలేదు. అమెరికాలో ప్రభుత్వ బీమా మెడికేర్ కూడా షుగర్ పుండు ఎముకకో, లోతైన చీముకో చేరిన దశలో, సరైన సాధారణ చికిత్స 30 రోజులు చేసినా మెరుగు కనిపించనప్పుడే దీనికి డబ్బు ఇస్తుంది. ఆ వరస మనకూ పనికొస్తుంది.

ఒక పరీక్ష గురించి అడగండి: చర్మం మీద చిన్న సెన్సర్ అంటించి పుండు చుట్టూ ఆక్సిజన్ ఎంతుందో కొలుస్తారు, ఛాంబర్ లోపల కూడా కొలుస్తారు. లోపల ఆ అంకె 200 (మిల్లీమీటర్ల పాదరసం) దాటితే చికిత్స పనిచేసే అవకాశం బాగుంది. ఆక్సిజన్ ఇచ్చినా కదలకపోతే ఆ కాలికి ముందు రక్తం దారి తెరవాలి. అన్ని చోట్లా ఈ పరికరం ఉండదు, కానీ అడగడంలో తప్పులేదు.

రేడియేషన్ అయిపోయి పదేళ్లైంది. ఇప్పుడెందుకు ఛాంబర్ అంటున్నారు?

ఊళ్లలో ‘కరెంటు పెట్టించారు’ అంటారే, ఆ రేడియేషన్ క్యాన్సర్ కణాలతో పాటు ఆ చోటున్న సన్న రక్తనాళాలను కూడా నెమ్మదిగా మూసేస్తుంది. అది నెలల్లో కాదు, ఏళ్లలో జరుగుతుంది. నోటి, గొంతు క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకున్నవాళ్లలో దవడ ఎముక ఇలా బలహీనపడుతుంది. జర్దా, గుట్కా నమిలేవాళ్లూ, ఉత్తర కోస్తాలో చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లూ ఉన్న మనచోట నోటి క్యాన్సర్ అరుదు కాదు, కాబట్టి ఈ సమస్యా అరుదు కాదు.

తరచూ చూసే కథ ఇది: పన్ను నొప్పి వస్తుంది, దగ్గర్లోని డెంటిస్ట్ పీకేస్తారు, ఆ గుంట మానదు, కొన్నాళ్లకు ఎముక కనిపిస్తుంది. రేడియేషన్ తీసుకున్న సంగతి డెంటిస్ట్‌కి ఎవరూ చెప్పి ఉండరు. ఎన్నేళ్లైనా సరే, పన్ను పీకించుకునే ముందు ఆ మాట చెప్పండి, పాత కాగితాలు చూపించండి.

గర్భాశయ ముఖద్వారం, ప్రోస్టేట్ క్యాన్సర్లకు రేడియేషన్ తీసుకున్నవారిలో మూత్రాశయం నుంచో మలద్వారం నుంచో రక్తం పడటం కూడా ఈ కోవలోదే. మూత్రాశయం విషయంలో 2019లో ఉత్తర ఐరోపా దేశాల్లో జరిగిన అధ్యయనం మంచి ఫలితమే చూపించింది. దవడ విషయంలో ఆధారాలు మిశ్రమంగా ఉన్నాయి. ముందుజాగ్రత్తగా అందరికీ పన్ను పీకే ముందు ఇవ్వాలన్న పాత పద్ధతికి ఇప్పుడు మద్దతు తగ్గింది. ఈ జబ్బులకు సాధారణంగా 30 నుంచి 40 సెషన్లు పడతాయి.

బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ వల్ల స్పృహ తప్పింది. ఆక్సిమీటర్‌లో 98 చూపించింది. ఇంకా ఛాంబర్ ఎందుకు?

ఆ 98ని నమ్మకండి. కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌కీ, ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌కీ వేలికి తగిలించే మామూలు ఆక్సిమీటర్ తేడా చెప్పలేదు. ఆసుపత్రిలో రక్త పరీక్ష చేయాలి.

కిటికీ లేని బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్, తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి, షట్టర్ దించిన షాపులో జనరేటర్, ఇవన్నీ ఒకే ప్రమాదం. రంగు ఉండదు, వాసన ఉండదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వాంతులు వస్తే ఫుడ్ పాయిజన్ అనుకునే ముందు దీన్ని అనుమానించండి.

మామూలు గాలి పీలుస్తుంటే ఒంట్లో ఆ విషవాయువు సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్క్‌తో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే గంటన్నర లోపు. మూడు రెట్ల ఒత్తిడిలో అయితే ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. అందుకే ముందు చేయాల్సింది దగ్గర్లోని ఆసుపత్రిలో మాస్క్‌తో ఆక్సిజన్ మొదలుపెట్టించడం. ఛాంబర్ ఉన్న నగరం కోసం ఆక్సిజన్ లేకుండా కారులో మూడు గంటలు తీసుకెళ్తే ఉన్న అవకాశం పోతుంది.

ఛాంబర్ వల్ల అసలు ప్రయోజనం మెదడుకి. బాగైపోయి ఇంటికెళ్లిన మనిషికి రెండు మూడు వారాల తర్వాత మతిమరుపు, చిరాకు, నడకలో తడబాటు రావచ్చు. 2002లో అమెరికాలోని యూటాలో చేసిన అధ్యయనంలో ఆరు వారాలకు ఇలాంటి జ్ఞాపకశక్తి, ఆలోచన సమస్యలు ఉన్నవాళ్లు ఛాంబర్‌లో మూడు సెషన్లు పొందినవారిలో 25 శాతం, మామూలు ఒత్తిడిలో ఆక్సిజన్ పొందినవారిలో 46 శాతం. తర్వాతి అధ్యయనాలన్నీ దీన్ని సమర్థించలేదు. అయినా స్పృహ తప్పినవారికీ, గుండె మీద ప్రభావం పడినవారికీ, గర్భిణులకూ చాలామంది డాక్టర్లు ఛాంబర్‌నే సూచిస్తారు.

అండమాన్ వెళ్లి స్కూబా చేస్తున్నాం. దీని గురించి తెలుసుకోవాలా?

రెండు ముక్కలు చాలు. లోతులో ఉన్నప్పుడు నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది. గబగబా పైకొస్తే గోళీ కొట్టిన సోడాలాగే బుడగలు కడుతుంది. కీళ్ల నొప్పి, తిమ్మిరి, కాళ్లు పట్టుతప్పడం, విపరీతమైన నీరసం దాని గుర్తులు. ఒకే డైవ్ అయితే విమానం ఎక్కడానికి కనీసం 12 గంటలు, ఎక్కువ డైవ్‌లైతే కనీసం 18 గంటలు ఆగాలి. లక్షణాలు ఉంటే ఆక్సిజన్ పెట్టించుకుని ఛాంబర్ ఉన్న చోటుకు వెళ్లాలి. పడుకుంటే అదే పోతుందని ఊరుకోకూడదు. ఎంత ఒత్తిడి, ఎంతసేపు అని చెప్పే అమెరికా నేవీ పట్టికను దీనికి వాడతారు, అందులో ఒక సెషన్ దాదాపు ఐదు గంటలు. ఈ జబ్బులో ఛాంబర్ తోడు చికిత్స కాదు, అదే అసలు చికిత్స.

బాబుకి ఆటిజం. ఛాంబర్‌తో మాటలొస్తాయని ఒక సెంటర్‌లో చెప్పారు. వెళ్లమంటారా?

వద్దు. ఇది చెప్పడం సులువు కాదు, ఎందుకంటే అడిగే తల్లి కళ్లలో ఆశ కనిపిస్తుంది. కానీ ఆటిజానికి ఇది పనిచేస్తుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదు. అమెరికాలో మందులను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2013లోనే ఆటిజం, క్యాన్సర్, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని పిల్లల్లో కదలికలు పట్టుతప్పే సమస్య), మధుమేహం లాంటి వాటికి దీన్ని నమ్మి మోసపోవద్దని ప్రజలను హెచ్చరించింది. అక్కడ మధుమేహం అంటే షుగర్ జబ్బు అని, షుగర్ పుండు కాదు.

‘మా పక్కింటి పాపకి తేడా వచ్చింది కదా’ అంటారు. రావచ్చు. 2001లో కెనడాలోని క్విబెక్‌లో సెరిబ్రల్ పాల్సీ ఉన్న 111 మంది పిల్లల మీద అధ్యయనం చేశారు. సగం మందికి ఛాంబర్‌లో ఆక్సిజన్, సగం మందికి స్వల్ప ఒత్తిడిలో మామూలు గాలి. రెండు గుంపుల్లోనూ పిల్లలు మెరుగయ్యారు, సమానంగా. రోజూ రెండు నెలలు అమ్మో నాన్నో పక్కనే ఉండి కబుర్లు చెప్పడం, ఆడించడం, పిల్లలు సహజంగా ఎదగడం, చూసేవాళ్ల ఆశ, ఇవన్నీ కలిసి అలా కనిపిస్తాయి. ఆ డబ్బు స్పీచ్ థెరపీకీ, ఆక్యుపేషనల్ థెరపీకీ పెట్టండి.

ముసలితనం వెనక్కి పోతుందన్న ప్రచారం ఇజ్రాయెల్‌లో 2020లో వచ్చిన ఒక చిన్న అధ్యయనం మీద నిలబడింది. అందులో పోల్చి చూడటానికి ఛాంబర్‌కి వెళ్లని గుంపే లేదు. ఈ తరహా ఊహాగానం కొత్తదీ కాదు. 1928లో క్లీవ్‌లాండ్‌లో కనింగ్‌హామ్ అనే డాక్టరు ఐదంతస్తుల ఎత్తున్న ఉక్కు గోళం కట్టించి, అందులో రోగులను ఉంచి క్యాన్సర్, షుగర్, సిఫిలిస్ తగ్గిస్తానన్నాడు. ఆధారాలు చూపమని డాక్టర్ల సంఘం అడిగితే చూపలేకపోయాడు. చివరికి 1942లో ఆ గోళాన్ని విప్పి ఉక్కు తుక్కుగా అమ్మేశారు.

లోపల ఎలా ఉంటుంది? భయమేస్తే?

రెండు రకాలు. ఒకరే పట్టే ఛాంబర్ పారదర్శకమైన గొట్టంలా ఉంటుంది. మీరు పడుకుంటారు, బయట నుంచి టెక్నీషియన్ కనిపిస్తూ మైకులో మాట్లాడతారు. పదిమంది దాకా కూర్చోగలిగే పెద్దదైతే చిన్న బస్సు లోపలి భాగంలా ఉంటుంది, మాస్క్‌లోనో తలకు తొడిగే హుడ్‌లోనో ఆక్సిజన్ ఇస్తారు, లోపల ఒక సహాయకులు కూడా ఉంటారు. ఎమ్మారై యంత్రంలో భయపడేవాళ్లు పెద్దది ఉన్న చోటు వెతుక్కోవడం మంచిది.

మొత్తం రెండు గంటలు అనుకోండి. మొదటి పది, పదిహేను నిమిషాలు ఒత్తిడి పెంచుతారు, కొంచెం ఉక్కపోస్తుంది. తర్వాత గంట, గంటన్నర ఊరికే పడుకోవడమే. మధ్యలో ఒకటి రెండుసార్లు ఐదు నిమిషాల పాటు మామూలు గాలి పీల్పిస్తారు. ఆక్సిజన్ ఎక్కువై ఫిట్స్ రాకుండా ఆ విరామం. చివర్లో ఒత్తిడి తగ్గిస్తున్నప్పుడు చల్లగా అనిపిస్తుంది, ఊపిరి బిగపట్టకుండా మామూలుగా పీల్చాలి.

మధ్యలో బయటికి రావాలనిపిస్తే రావచ్చు, కాకపోతే మీరు అడిగిన క్షణంలో తలుపు తెరుచుకోదు. ఒత్తిడి తగ్గించడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ముందే చెప్పకపోతే లోపల ఆ నిమిషాలు చాలా పొడుగ్గా అనిపిస్తాయి. మూత్రానికి ముందే వెళ్లి రండి.

చెవులు పగిలిపోతాయా?

తిరుమల ఘాట్ రోడ్డులోనో అరకు దారిలోనో బస్సు కిందికి దిగుతుంటే చెవులు మూసుకుపోతాయి కదా, అదే, ఇంకాస్త గట్టిగా. గుటక వేయండి, ఆవులించండి, లేదా ముక్కు మూసి నెమ్మదిగా చెవుల్లోకి గాలి ఊదండి. నొప్పి వచ్చేదాకా ఆగకుండా ఒత్తిడి మొదలైన దగ్గర్నుంచీ ఇది చేస్తూ ఉండాలి. నొప్పి అనిపిస్తే వెంటనే చెయ్యి ఎత్తండి, ఆపుతారు. ఓర్చుకుంటే పోతుందని బిగపట్టినవాళ్లకే చెవి పొర దెబ్బతింటుంది. ఈ చికిత్సలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే ఇబ్బంది చెవిదే. జలుబు, సైనస్ దిబ్బడ ఉన్న రోజు ఫోన్ చేసి చెప్పండి, ఆ సెషన్ వాయిదా వేస్తారు. ఎంతకీ చెవులు తెరుచుకోనివాళ్లకు ఈఎన్‌టీ డాక్టరు చెవి పొరకు సన్నని గొట్టం పెడతారు.

తలకు నూనె పెట్టుకోకూడదా? అంత పట్టింపు ఎందుకు?

ఇక్కడ మాత్రం బతిమాలి చెబుతున్నాను. ఆక్సిజన్ తనంతట తాను మండదు, కానీ దాని మధ్యలో ప్రతిదీ మండుతుంది, అదీ క్షణాల్లో. 1997 అక్టోబరు 31న ఇటలీలోని మిలాన్‌లో ఒక ఆసుపత్రి ఛాంబర్‌లో మంటలు లేచి 11 మంది చనిపోయారు. ఒక రోగి చేతులు వెచ్చబెట్టుకునే చిన్న వస్తువు లోపలికి తెచ్చుకోవడమే దానికి మూలం. 2025 జనవరి 31న అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం ట్రాయ్‌లో ఛాంబర్ పేలి లోపల ఉన్న ఐదేళ్ల బాబు చనిపోయాడు, బయట ఉన్న తల్లి గాయపడింది.

అందుకే ఆ రోజు తలకు కొబ్బరి నూనె, ఒంటికి లోషన్, పెదాలకు వాసలీన్, నొప్పులకు బామ్, ముక్కుకి విక్స్, సెంటు, హెయిర్ స్ప్రే, గోళ్ల రంగు ఏదీ ఉండకూడదు. తలంటుకుని రండి, నూనె లేకుండా. నైలాన్, పాలియెస్టర్ చీరలు, డ్రస్సులు వద్దు, స్థిర విద్యుత్తు పుడుతుంది. వాళ్లిచ్చే నూలు బట్టలే వేసుకోవాలి. ఫోన్, వాచీ, వినికిడి యంత్రం, లైటర్, వేడి ప్యాకెట్, హెయిర్‌పిన్ను, నగలు అన్నీ బయటే. మంగళసూత్రం సంగతి చాలామంది మొహమాటపడుతూ అడుగుతారు. ముందురోజే సిబ్బందితో మాట్లాడండి, అక్కడి నియమం ఏదైతే అది పాటించండి. పుండుకి వేసిన ఆయింట్‌మెంట్ ఏమిటో కూడా చెప్పండి, కొన్నిటిని తుడిచి కట్టు మార్చాలి.

ఇంకోమాట. మిమ్మల్ని తనిఖీ చేయకుండా, ఫోన్ జేబులో ఉండగానే లోపలికి పంపే సెంటర్ అయితే మొదటి రోజే వెనక్కి వచ్చేయండి. చికిత్స జరుగుతున్నంతసేపూ శిక్షణ పొందిన మనిషి ఛాంబర్ పక్కనే ఉండాలి, టీ తాగడానికి వెళ్లకూడదు.

తిని రావాలా, ఖాళీ కడుపుతో రావాలా? షుగర్ మందులు వేసుకోవాలా?

తిని రావాలి. రెండు ఇడ్లీలో, ఉప్మానో గంట ముందు తినండి. లోపల షుగర్ పడిపోతుంది కాబట్టి ఇన్సులిన్ వేసుకుని తినకుండా రావడం ప్రమాదం. ప్రతి సెషన్‌కి ముందూ తర్వాతా వేలి నుంచి రక్తం తీసి చూస్తారు. తక్కువగా ఉంటే ఏదో ఒకటి తినిపించి, మళ్లీ చూసి గానీ పంపరు. సోడా, కూల్‌డ్రింకు వద్దు, ఒత్తిడి తగ్గించేటప్పుడు కడుపులో గ్యాస్ ఉబ్బుతుంది.

సైడ్ ఎఫెక్ట్స్ ఏమిటి? కళ్లజోడు మార్చాల్సి వస్తుందట, నిజమేనా?

ఇరవై సెషన్లు దాటాక కొందరికి దూరంచూపు మసకబారుతుంది. తమాషా ఏమిటంటే చత్వారం ఉన్న పెద్దవాళ్లు అప్పుడు కళ్లజోడు లేకుండానే పేపరు చదువుతారు, చికిత్స పనిచేస్తోందని సంబరపడతారు. చికిత్స ఆగిన కొన్ని వారాల్లో చూపు పాత స్థితికి వస్తుంది, కాబట్టి ఆలోపు కొత్త అద్దాలు కొనకండి. ముందే శుక్లాలు ఉంటే అవి త్వరగా ముదరవచ్చు.

ఆక్సిజన్ విషప్రభావం వల్ల ఫిట్స్ రావడం చాలా అరుదు, కొన్ని వేల సెషన్లలో ఒకసారి. వచ్చినా ఆక్సిజన్ ఆపగానే తగ్గుతాయి. గుండె పంపింగ్ బాగా తక్కువగా ఉన్నవాళ్లకు ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంది, ఎకో (గుండె స్కాన్) రిపోర్టు చూపించాలి. సెషన్ తర్వాత అలసట మాత్రం చాలామందికి మామూలే.

ఎవరు వెళ్లకూడదు?

ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి దానికి చికిత్స జరగనివాళ్లు అసలే వెళ్లకూడదు, ఒత్తిడి తగ్గించేటప్పుడు ఆ గాలి వ్యాకోచించి ప్రాణం తీయగలదు. అందుకే ముందు ఛాతీ ఎక్స్‌రే. బ్లియోమైసిన్, డాక్సోరుబిసిన్, సిస్‌ప్లాటిన్ లాంటి క్యాన్సర్ మందులు వాడుతున్నా, ఎప్పుడైనా వాడినా చెప్పాలి. మద్యం మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ కూడా అంతే. ఇంట్లోవాళ్లు రహస్యంగా కలిపి ఇస్తుంటే, దయచేసి ఆ రహస్యం డాక్టరుకైనా చెప్పండి. తీవ్రమైన సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకయ్యే దీర్ఘకాల జబ్బు), ఫిట్స్, ఎక్కువ జ్వరం, ఈమధ్యే చెవి ఆపరేషన్, పేస్‌మేకర్, గర్భం ఉంటే డాక్టరు బేరీజు వేసి నిర్ణయిస్తారు. పేస్‌మేకర్ ఆ ఒత్తిడిని తట్టుకునేదో కాదో దాని కార్డు చూసి తెలుసుకోవచ్చు.

జిప్పుతో మూసే గుడ్డ ఛాంబర్ ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. కొనుక్కుంటే?

అది సుమారు 1.3 రెట్ల ఒత్తిడే ఇస్తుంది, అందులో చాలావరకు మామూలు గాలే. పైన చెప్పిన ఏ జబ్బుకీ ఆ మోతాదు చాలదు. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ దానికి తగిలిస్తే మంట ప్రమాదం అదనం.

ఇన్సూరెన్స్ ఇస్తుందా?

కొన్ని ఆరోగ్య పాలసీల మినహాయింపుల పేజీలో హైపర్‌బేరిక్ చికిత్స పేరు పెట్టి మరీ రాసి ఉంటుంది. చేరేముందు పాలసీ కాగితం చదవండి, ముందస్తు అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ‘తర్వాత క్లెయిమ్ చేసుకోవచ్చులెండి’ అన్న మాటను నమ్మకండి. ప్యాకేజీ మొత్తం ఒకేసారి కట్టమంటే కట్టకండి. పది, పదిహేను సెషన్లకోసారి పుండు ఫొటో తీసి, కొలతలు రాసి, మార్పు ఉంటేనే కొనసాగించేలా మాట్లాడుకోండి.

చుట్ట, సిగరెట్ మానాలా?

చికిత్స నడిచినన్నాళ్లూ తప్పకుండా. నికోటిన్ రక్తనాళాలను బిగిస్తుంది. బయటికొచ్చి ఒక సిగరెట్ కాలిస్తే రెండు గంటలు లోపల పడుకుని సంపాదించింది చాలావరకు పోతుంది.

పెళ్లి ఉంది, మధ్యలో నాలుగు రోజులు మానేయొచ్చా?

అత్యవసర జబ్బులకైతే కుదరదు. పుండు, రేడియేషన్ నష్టం లాంటి వాటికి ఒకటి రెండు రోజుల విరామంతో పెద్ద నష్టం లేదు, శని ఆదివారాలు చాలా చోట్ల సెలవే. నాలుగైదు రోజులంటే మొదటి పది సెషన్లలో కాకుండా చూసుకోండి, ఎందుకంటే కొత్త రక్తనాళాలు పుట్టడం మొదలయ్యేది అప్పుడే. పెళ్లికి వెళ్తే డ్రెస్సింగ్ సామాను, కాలి చెప్పు వెంట తీసుకెళ్లండి, మండపంలో చెప్పులు విప్పాల్సి వస్తే కుర్చీలో కూర్చునే అక్షింతలు వేయండి. తిరిగొచ్చిన రోజు తలకు నూనె లేదు కదా అని సిస్టర్ మళ్లీ అడుగుతారు, విసుక్కోకండి.